ఒక దీర్ఘం తక్కువ

కత్తెర చనిపోయాడు. అతని బల్ల మీద టీ ఇంకా వేడిగానే ఉంది.

రేడియో స్టేషన్ రెండో అంతస్తులో ఎడిటింగ్ గది. కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా బల్ల మీద పడుతోంది. మనిషి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు, వేళ్ళ మధ్య బ్లేడు. మెడ వెనక జుట్టు మొదలయ్యే చోట దోమ కుట్టినంత ఎర్ర చుక్క. విషం పూసిన సూది. చెయ్యి తిరిగినవాడి పని.

కత్తెర అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. టేపు కోసి అతికించడంలో ఆ నగరంలో అతన్ని మించినవాడు లేడు. పాటలో గాయకుడి దగ్గు మాయం చేసేవాడు. నాయకుల ఉపన్యాసాల్లో నసుగుడు ఏరేసేవాడు. అతను వేసిన అతుకు కంటికి ఆనదు, చెవికి చిక్కదు, గోటికి మాత్రమే తెలుస్తుందని తోటివాళ్ళు చెప్పుకునేవారు.

గోరింక వంగి బల్ల అంచు మీద వేలితో రాశాడు. వేలికి జిగురు తగిలింది.

గోరింక కూడా అసలు పేరు కాదు. ఏ గొంతయినా ఒక్కసారి వింటే చాలు, దాన్ని తిరిగి పలికే విద్య అతనిది. సీక్రెట్ సర్వీస్ ఫైళ్ళలో అతనికి ఆ పక్షి పేరే ఉంది. కిటికీ దగ్గర నిలబడి చుట్ట వెలిగించాలా వద్దా అని ఆలోచిస్తున్నాయన సర్వీస్ చీఫ్. అందరికీ ఆయన పెద్దాయన.

"ఏం దొరికింది?" అన్నాడు పెద్దాయన.

"దొరకనిదే దొరికింది సార్."

కత్తెరకి ఒక అలవాటు ఉంది. కోసి తీసేసిన ముక్క ఎంత చిన్నదైనా చెత్తబుట్టలో వేసేవాడు కాదు. తోరణం కట్టినట్టు బల్ల అంచుకి అతికించి ఉంచేవాడు. తీసేసిన ముక్కతో ఎప్పుడు పని పడుతుందో ఎవడికి తెలుసు అనేవాడు. ఇవాళ బల్ల అంచుకి జిగురు తాజాగా ఉంది, ముక్కలు లేవు. హంతకుడు టేపు పట్టుకెళ్ళాడంటే అర్థం ఉంది. చెత్త పట్టుకెళ్ళింది ఎవరు?

పెద్దాయన చుట్ట జేబులో పెట్టేసుకున్నాడు. "పద. మంత్రిగారు ఎదురుచూస్తున్నారు."

*

విదేశాంగ శాఖలో జనానికి కనిపించే గదులన్నీ తివాచీలతో మెరుస్తాయి. పని జరిగే గది మాత్రం వెనక వైపు, లిఫ్ట్ మోటారు పక్కన ఉంది. అక్కడ ఒక బల్ల, దాని మీద టేపు రికార్డరు, దాని ముందు విదేశాంగ మంత్రి. సన్నగా, పొట్టిగా, రాత్రి నిద్రలేని కళ్ళతో ఉన్నాడు.

పెద్దాయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొదుపుగానే ఉంటుంది. సముద్రం అవతలి దేశానికి మన దక్షిణ రేవు కావాలి, తన యుద్ధనౌకలు నిలుపుకోవడానికి. ఇవ్వకపోతే గోధుమల ఓడలు ఆపేస్తానంటోంది. ఇస్తే ఉత్తరపు దేశం చమురు ఆపేస్తానంటోంది. ఇక ఇంట్లో సంగతి. రొట్టెల దుకాణాల ముందు క్యూలు పెరిగాయి. రేవు కార్మికులు సమ్మె అంటున్నారు. పత్రికలు రోజుకో తిట్టు అచ్చేస్తున్నాయి. ప్రభుత్వం నిలబడింది పొత్తు మీద, ఆ పొత్తు పార్టీ నాయకుడే రేవుల మంత్రి. ఇవాళ మధ్యాహ్నం సభలో తీర్మానం వస్తోంది, ఏ దేశపు యుద్ధనౌకకీ మన రేవులో చోటు లేదని.

"నన్ను గోడ మీద పిల్లి అంటున్నారు బాబూ," అన్నాడు మంత్రి గోరింకతో. "కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. పిల్లి గోడ మీద ఉన్నంతసేపు రెండిళ్ళ కుక్కలూ మొరుగుతాయి కానీ కరవలేవు. ఆ సంగతి క్యూలో నిలబడ్డవాళ్ళకి చెప్పి ఒప్పించడమే నా ఉద్యోగం. సగం మందికి చెప్పాను. ఈలోపు ఇది వచ్చింది."

రికార్డరు మీట నొక్కాడు.

మొదట సముద్రం అవతలి రాయబారి గొంతు, తన భాషలో. తర్వాత దాన్ని అనువదిస్తున్న ఆడగొంతు. మెత్తగా, స్పష్టంగా ఉంది. 'మా నౌకలకి మీ రేవులో చోటిస్తారా అని రాయబారిగారు అడుగుతున్నారు.' చిన్న విరామం. తర్వాత మంత్రి గొంతు.

'మనం ఒప్పుకుంటాం.'

అంతే. టేపు గిరగిరా తిరిగి ఆగింది.

ఎవరో దేశభక్తుడు తనకి పంపాడంటూ రేవుల మంత్రి పొద్దున్నే దీని నకలు ప్రధానికి పంపించాడట. మధ్యాహ్నంలోగా విదేశాంగ మంత్రి రాజీనామా చేయకపోతే అసలు టేపు సభలో వినిపిస్తానన్నాడు. నకలులో హోరు ఉంటుంది కాబట్టి సభ నకలుని సాక్ష్యంగా ఒప్పుకోదు. అసలు టేపే పెట్టాలి, సభ మైకుల్లోనే వినిపించాలి. అది గనక మోగిందంటే ప్రభుత్వం పడిపోతుంది. రేవుల మంత్రి ప్రధాని అవుతాడు. రేవు ఎవరి చేతికి వెళ్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

"బయటివాడికి రేవు కావాలి, లోపలివాడికి కుర్చీ కావాలి," అన్నాడు పెద్దాయన. "ఇద్దరి అవసరమూ ఒకటైంది. సరే, ఆ ఆడగొంతు ఎవరిదో గుర్తుపట్టావా?"

ఆ గొంతుని గోరింక నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

ఫైళ్ళలో ఆమె పేరు సీతాకోక. సముద్రం అవతలి దేశపు ఎంబసీలో దుభాషి, మన సర్వీస్ అక్కడ నాటిన మనిషి. ఒకప్పుడు ఒక పరాయి నగరంలో ఆమే గోరింకా మొగుడూ పెళ్ళాల వేషం కట్టి చాలాకాలం ఒకే వాటాలో కాపురం ఉన్నారు. మిషన్ అయిపోయినా ఆమె మాత్రం అతన్ని 'ఏమండీ' అని పిలవడం మానలేదు. ఎంబసీలో ఆమెని పెట్టించింది గోరింకే. ఆమెకి పూచీ నిలబడింది కూడా గోరింకే.

"నీ దొంగ పెళ్ళాం నిజంగానే దొంగయిపోయిందేమో," అన్నాడు పెద్దాయన. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "టేపు దొంగదని రుజువు తీసుకురా. ఆమె అవతలి పక్షానికి వెళ్ళిపోయిందని తేలితే మటుకు తిరిగి తీసుకురావద్దు. అర్థమైందా?"

అర్థమైంది. గోరింక పిస్తోలు ఉన్న జేబు బరువెక్కినట్టయింది.

అతను మీట మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. కళ్ళు మూసుకుని మంత్రి గొంతుతో తను పలికి చూశాడు. 'మనం ఒప్పుకుంటాం.' మంత్రి ఉలిక్కిపడి తన నోరు తడుముకున్నాడు.

గొంతు కుదిరింది. మాట కుదరలేదు. నాలిక దగ్గర ఏదో ముల్లులా తగులుతోంది.

"సార్, రాయబారితో మాట్లాడేటప్పుడు మంత్రిగారు 'మనం' అని ఎందుకంటారు?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"వచ్చినవాడు పరాయివాడు. పరాయివాడితో 'మేం ఒప్పుకుంటాం' అంటాం. 'మనం' అంటే అందులో వాడు కూడా కలిశాడు. ఎవరి రేవుని ఎవరికివ్వడానికి ఎవరు ఒప్పుకుంటున్నట్టు? ఈ మాట రాయబారితో అన్నది కాదు. మనవాళ్ళతో అన్నది."

మంత్రి నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. "మంత్రివర్గం సమావేశంలో," అన్నాడు. "తలుపులు మూసుకుని గంటలకొద్దీ వాదించుకున్నాం. ఏ మాట ఎలా అన్నానో గుర్తులేదు. కానీ రేవు సంగతి మనవాళ్ళతో మాట్లాడింది అక్కడ ఒక్కచోటే."

ఆ గదిలో రేవుల మంత్రి కూడా ఉన్నాడు. ఆయన కోటులో ఏముందో అప్పుడు ఎవరూ చూడలేదు.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "బాగుంది. కానీ సభలో వ్యాకరణం చెల్లదు, గోలే చెల్లుతుంది. అది విడ్డూరమైన 'మనం' అని నువ్వు వివరించేలోపు ఓటింగ్ అయిపోతుంది. నాకు చేతికి తగిలే రుజువు కావాలి. కత్తెర ఏదో కోశాడు. ఆ ముక్క కావాలి."

వెళ్ళేముందు స్టోర్స్ నుంచి ఒక ఫౌంటెన్ పెన్ వచ్చింది. నల్లగా, లావుగా ఉంది. దాని కడుపులో ఉన్నది సిరా కాదు, బలమైన అయస్కాంతం. టేపు మీద ఒక్కసారి రాస్తే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. రుజువు దొరక్కపోతే చివరి ఉపాయం అదే. సభలోకి దూరి అసలు టేపుని తుడిచెయ్యడం. అలా చేస్తే ప్రభుత్వమే సాక్ష్యం మాయం చేసిందని ఊరంతా కోడై కూస్తుందని అందరికీ తెలుసు. అందుకే చివరిదన్నారు. పెన్ను వాపసు ఇవ్వాలి, లేకపోతే సంజాయిషీ రాయాలి అని స్టోర్స్ ఆఫీసరు రెండుసార్లు చెప్పాడు.

*

సముద్రం అవతలి దేశం ఆ రోజు తన వాణిజ్య ప్రదర్శన ప్రారంభిస్తోంది. ఎంబసీ హాలు నిండా ట్రాక్టర్ల బొమ్మలు, గోధుమ కంకుల ఫోటోలు. స్నేహం గురించి గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలు. గోరింక నీలం ఓవరాల్స్‌లో, అతికించిన మీసంతో, భుజాన వైర్ల చుట్టతో మైకు మెకానిక్‌లా లోపలికి వచ్చాడు. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. పదిమంది పెద్దమనుషులు మాట్లాడబోయే చోట మైకు మెకానిక్‌కి ఉన్న గౌరవం ఇంకెవరికీ ఉండదు.

హాలు మధ్యలో వాణిజ్య అటాషే, అంటే ఎంబసీలో వ్యాపారం చూసే అధికారి, నవ్వుతూ తిరుగుతున్నాడు. పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చేసిన మనిషి. ఆ దేశపు గూఢచారి ముఠాకి అసలు నాయకుడు అతనేనని సర్వీస్‌కి ఎప్పటినుంచో తెలుసు, రుజువే లేదు. మన భాష గడగడా మాట్లాడతాడు. పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న భాష. అప్పుడే ఒక పిండిమిల్లు యజమానితో అంటున్నాడు, మర్యాదగా వంగి:

"మీరు ఇక్కడే కూర్చోండి. మనం లోపలికి వెళ్ళి రాయబారిగారితో మాట్లాడి వస్తాం."

పిండిమిల్లు యజమాని సంతోషంగా లేచి, చొక్కా సర్దుకుని, అతని వెంట బయల్దేరాడు. అటాషే ఆగాడు. ఆయన ఆగాడు. అటాషే మళ్ళీ కూర్చోమన్నాడు. ఆయన కూర్చున్నాడు. 'మనం వెళ్తాం' అని అటాషే మళ్ళీ కదిలాడు. ఆయన మళ్ళీ లేచాడు.

వైరు చుట్ట విప్పుతున్న గోరింక చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఆ టేపులో 'మనం' ఎందుకు మిగిలిపోయిందో అర్థమైంది. ఈ మనిషి మాతృభాషలో ఆ రెండింటికీ ఒక్కటే మాట. కానీ దుభాషికి తెలుసు కదా. మరి ఆమె ఎందుకు సరిదిద్దలేదు?

ఆమె వేదిక పక్కన నిలబడి ఉంది. సముద్రపు రంగు సిల్కు, చెవులకి ముత్యాలు, చేతిలో చిన్న వెండి పౌడరు డబ్బా. హాల్లో సగం మంది మగవాళ్ళు ట్రాక్టర్ల వైపు చూస్తున్నట్టు నటిస్తూ ఆమెనే చూస్తున్నారు.

గోరింక మైకు స్టాండు పట్టుకుని ఆమె దగ్గరికి జరిగాడు. సర్వీస్ కోడ్ చెప్పాడు.

"ఇక్కడ గాలి ఎక్కువగా ఉందండీ. మైకు గురగురమంటుంది."

దానికి ఆమె చెప్పాల్సిన జవాబు ఒకటే. 'వర్షం వస్తేనే కిటికీ మూసేస్తాం.' అక్షరం మారకూడదు.

ఆమె కనుబొమలు పైకి లేచాయి. కసురుకుంటున్నట్టుగా అంది:

"వర్షం వస్తేనే కిటికీ మూసేస్తామా?"

తప్పు. కోడ్ తప్పింది. ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారి కూడా కోడ్ తప్పలేదు. అటాషే ఇటువైపే వస్తున్నాడు. గోరింక చెయ్యి మెల్లగా జేబు వైపు కదిలింది.

ఆ చెయ్యి జేబు చేరేలోపే ఆమె అతని కాలరు రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ మనిషి మెకానిక్ కాదు," అంది అందరికీ వినిపించేలా. "వీడి గోళ్ళు చూడండి. ఒక్క మరకైనా ఉందా? పేపరు విలేకరి. మొన్న కూడా గేటు దగ్గర తచ్చాడుతుంటే చూశాను."

చెంప ఛెళ్ళుమంది. అతికించిన మీసం సగం ఊడి వేలాడింది. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

అటాషే కళ్ళు గోరింకని పైనుంచి కిందకి కొలిచాయి. గూఢచారి అని తెలిస్తే నేలమాళిగలోకి తీసుకెళ్ళేవాడు. కానీ పేపరువాణ్ణి, ఇంతమంది అతిథుల ముందు, ఇవాళే కొట్టించి రచ్చ చేసుకోలేడు. వేలితో తలుపు చూపించాడు. కాపలావాళ్ళు గోరింకని రెక్కలు పట్టుకుని వెనక సందులోకి విసిరేశారు. వెనక నుంచి అటాషే ఆమెని మెచ్చుకోవడం వినిపించింది.

*

గోరింక మైకు వ్యానులో స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. చెంప మండుతోంది. దానికంటే లోపల ఎక్కువగా మండుతోంది. పూచీ నిలబడ్డవాడు తను. ఆర్డరు స్పష్టంగా ఉంది. తిరిగి లోపలికి వెళ్ళి ఆ పని పూర్తిచేయాలా, లేక సభకి వెళ్ళి టేపు తుడిచేయాలా?

పెన్ను కోసం జేబు తడిమాడు. పెన్ను లేదు.

ఆమె కాలరు పట్టుకున్నప్పుడు కొట్టేసింది. ఎందుకు? పిస్తోలు ఉన్న జేబు పక్కనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. శత్రువు తీసుకోవాల్సింది వదిలేసి పెన్ను తీసుకుంటుందా?

మెడ దగ్గర ఏదో దురదగా, జిగటగా తగిలింది. కాలరు కింద వేలు పెట్టి లాగాడు. తెల్లటి అతుకు కాగితానికి అంటుకుని చిటికెన వేలంత గోధుమ రంగు టేపు ముక్క వచ్చింది. రెండు చివర్లూ ఏటవాలుగా కోసి ఉన్నాయి. కత్తెర కోత.

ఈ ముక్క పక్కన ఆ అయస్కాంతం ఉండి ఉంటే రుజువు క్షణంలో చచ్చిపోయేది. స్టోర్స్ వారి ఆ పెన్ను సంగతి ఆమెకీ తెలుసు. అందుకే ముందు పెన్ను తీసేసి, తర్వాత ముక్క అంటించింది. ఆ చెంపదెబ్బ అతన్ని ప్రాణాలతో గేటు దాటించడానికి.

మరి కోడ్?

మూసేస్తాం. మూసేస్తామా. మాట మారలేదు. ఒక్క దీర్ఘం ఎక్కువైంది.

ఒప్పుకుంటాం.

గోరింక మంత్రి గొంతుతో, ఖాళీ వ్యానులో, నెమ్మదిగా పలికాడు. "వాళ్ళు గోధుమలు ఆపేస్తామంటే మనం ఒప్పుకుంటామా?"

ప్రశ్నకీ జవాబుకీ మధ్య అడ్డం ఒక్క 'ఆ'. కత్తెర చేత ఆ ఒక్కటీ కోయించి, కాదన్నదాన్ని ఔనన్నట్టు చేశారు. ఆ 'ఆ' ఇప్పుడు అతని వేలి కొన మీద ఉంది.

వ్యాను గేరు మార్చాడు.

*

సభ నిండిపోయింది. రేవుల మంత్రి అప్పటికే లేచాడు. ఆయన గొంతు సభ బయట మెట్ల మీద లౌడ్‌స్పీకర్లలో కూడా మోగుతోంది. అర నిమిషంలో చెప్పాల్సిన మాటని ఆయన ఎప్పుడూ అరగంట సాగదీస్తాడు. దేశమాతా, త్యాగమూ, ద్రోహమూ అంటూ ప్రతి మాట చివరా రాగం తీస్తున్నాడు. జీవితంలో మొదటిసారి గోరింక ఒక రాజకీయ ఉపన్యాసం ఇంకా సాగాలని కోరుకున్నాడు.

ఓవరాల్స్ చూసి ద్వారపాలకులు దారిచ్చారు. సౌండు గది మొదటి అంతస్తులో ఉంది. అద్దంలోంచి లోపల ఇద్దరు కనిపించారు. ఒకడు సభ ఆపరేటరు. రెండోవాడు రేవుల మంత్రి మనిషి, టేపు పక్కనే కాపలా. వాడి కుడిచేతి ఉంగరం అవసరానికి మించి లావుగా ఉంది. సూది పట్టేంత లావు. కత్తెర మెడ మీది ఎర్ర చుక్క గోరింకకి గుర్తొచ్చింది.

పిస్తోలు పేలితే సభ వాయిదా పడుతుంది, నిందేమో ప్రభుత్వం మీద పడుతుంది. కాబట్టి గొంతే పేలాలి. వసారా చివర ఇంటర్నల్ ఫోన్ ఉంది. రేవుల మంత్రి గొంతుతో పిలుద్దామంటే ఆయన అక్కడ మైకులో అరుస్తూనే ఉన్నాడు. గోరింక సౌండు గదికి లైను కలపమన్నాడు. ఫోన్ ఎత్తింది ఉంగరంవాడే. గోరింక గొంతు సర్దుకున్నాడు. పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చేసిన గొంతు.

"నీ పక్కన ఉన్నవాడికి వినపడకుండా విను. మనం వెనక గేటు దగ్గర కారులో ఉన్నాం. వెంటనే రావాలి."

అవతల చిన్న తటపటాయింపు. 'మేం' అని ఉంటే వాడికి అనుమానం వచ్చేదే. ఆ తప్పు అటాషే నోటికే సొంతం.

"వస్తున్నాను సార్," అన్నాడు వాడు.

వాడు మెట్లు దిగగానే గోరింక లోపలికి వెళ్ళి, కింద స్పీకర్లలో హోరు వస్తోందని చెప్పి ఆపరేటర్ని పంపించేశాడు. గడియ వేశాడు. మెషిన్ మీద అసలు టేపు సిద్ధంగా ఉంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని రీలు చేత్తో తిప్పాడు. రాయబారి. ఆమె గొంతు. విరామం. మనం... ఒప్పుకుంటాం. అక్కడ ఆపాడు. గోటితో టేపు మీద నెమ్మదిగా రాశాడు. ఏమీ లేదు. ఇంకొంచెం. గోరు కనీకనపడని గీత మీద ఆగింది.

కింద రేవుల మంత్రి గొంతు హెచ్చింది. "ఇక నా మాటలు చాలు అధ్యక్షా. ఆయన అంగీకారం ఆయన నోటనే వినండి."

అతుకు ఊడదీశాడు. కత్తెర ఎప్పుడూ ఏటవాలుగానే కోసేవాడు. ముక్కని పక్కన పెట్టగానే చిరిగిన టికెట్టు రెండు సగాల్లా గీతకి గీత కలిసింది. కానీ గోరింక చేతులు కత్తెర చేతులు కావు. అతుకు కాగితం వేలికే అంటుకుంది. లాగితే ముక్క కింద పడింది. వంగి వెతికాడు. బూటు పక్కన ఉంది. తలుపు గడియ కదిలింది. మోసపోయినవాడు తిరిగొచ్చాడు. తలుపు మీద భుజంతో గుద్దుతున్నాడు.

సభాధ్యక్షుడు పైకి చూసి, సౌండు గది వైపు తలూపాడు.

అతికించాడు. వేలితో అదిమాడు. రీలు మొదటికి తిప్పాడు. తలుపు పై బందు ఊడింది. మీట నొక్కాడు.

రాయబారి. ఆమె. విరామం. సభలో చీమ చిటుక్కుమంటే వినపడేలా ఉంది.

'మనం ఒప్పుకుంటామా?'

తలుపు విరిగి లోపలికి వచ్చినవాడు ఉంగరం చెయ్యి ఎత్తి, ఆ మాట విని, అలాగే నిలబడిపోయాడు. అప్పుడు మాత్రం గోరింక పిస్తోలు తీశాడు. వాడు ఉంగరాన్ని తనే ఊడదీసి బల్ల మీద పెట్టాడు.

కింద ముందు ఒకరు నవ్వారు. తర్వాత పదిమంది. తర్వాత సభంతా. రేవుల మంత్రి ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఇది కాదు," అన్నాడు. మైకు ఆయన ముందే ఉందని మర్చిపోయాడు. "ఆ దీర్ఘం ఎక్కడినుంచి వచ్చింది?"

విదేశాంగ మంత్రి తన చోటులో మెల్లగా లేచాడు.

"నా నోట్లోంచి వచ్చింది. మధ్యలో ఎక్కడికి పోయిందో మీరే చెప్పాలి." సభ సద్దుమణిగేదాకా ఆగాడు. "నేను పరాయివాళ్ళతో 'మేం' అంటాను. 'మనం' అనేది మనవాళ్ళతోనే. ఈ మాట నేను అన్నది మంత్రివర్గం గదిలో, తలుపులు మూసుకుని. అక్కడున్నవాళ్ళందరినీ మనవాళ్ళే అనుకున్నాను. అది నా పొరపాటు."

రేవుల మంత్రి పార్టీ వాళ్ళే ఆయన పక్క కుర్చీల్లోంచి ఒక్కొక్కరుగా జరిగిపోయారు.

తీర్మానం నెగ్గింది. ఏ దేశపు యుద్ధనౌకకీ చోటు లేదు. మెట్ల మీద విలేకరులు చుట్టుముట్టి, రేపు గోధుమల ఓడ ఆగిపోతే ఏం చేస్తారని అడిగితే, మంత్రి మొదటిసారి నవ్వాడు. "వేరేవాళ్ళని అడుగుతాం. అడుక్కోం," అన్నాడు. క్యూలు రేపూ ఉంటాయని ఆయనకి తెలుసు. ఆ రాత్రికి మాత్రం నిద్ర పడుతుంది.

*

సాయంత్రం సర్వీస్ ఆఫీసులో గోరింక సంజాయిషీ రాస్తూ కూర్చున్నాడు. స్టోర్స్ వారి ఫౌంటెన్ పెన్ను పోయిన విధము. పెద్దాయన ఎదురుగా చుట్ట కాలుస్తున్నాడు. అటాషేని దేశం విడిచి వెళ్ళమన్నారనీ, అతని విమానం ఇంకాసేపట్లో బయల్దేరుతుందనీ చెప్పాడు. దుభాషిని కూడా వెంట తీసుకెళ్తున్నాడట. ఇవాళ పేపరువాణ్ణి పట్టుకుంది కదా, ఆమె మీద గురి కుదిరింది.

ఫోన్ మోగింది. వెనక విమానాశ్రయం హోరు.

"ఏమండీ," అంది. "చెంప ఎలా ఉంది?"

గోరింక పెద్దాయన వైపు వీపు తిప్పాడు. "నీకు తెలిసీ ఆ 'మనం' ఎందుకు ఉంచావు?"

కత్తెరే అడిగాడట, ఆ మాట తీసేద్దామా అని. పిల్లల్ని చూపించి బెదిరించి పని చేయించుకుంటున్నా, అతుకు బాగా రావాలన్న యావ చావలేదు పాపం. అటాషే ఆమె వైపు తిరిగి 'మనం', 'మేం' రెండింటికీ తేడా ఏమిటని అడిగాడట.

"రెండూ ఒకటేనని చెప్పాను," అంది. "ముక్కలన్నీ నేనే పారేస్తానని పట్టుకొచ్చేశాను. కత్తెరని చంపుతారని అనుకోలేదు." వెంటనే మాట మార్చింది. "మీ పెన్ను బాగా పనిచేసిందండీ. అటాషేగారి బీరువాలో టేపులన్నీ ఇప్పుడు తెల్లకాగితాలే. ఆయన ఇంకా చూసుకోలేదు. విమానం దిగాక చూసుకుంటారు."

చూసుకున్నప్పుడు పక్కన ఉండేది ఆమే. ఎన్నో గొంతులు పలికినవాడికి తన గొంతు దొరకడానికి కాస్త సమయం పట్టింది.

"అక్కడికి వెళ్ళకముందే దిగిపో. మధ్యలో ఎక్కడైనా. మనం మళ్ళీ కలుస్తాం."

"కలుస్తామా?" అంది ఆమె. లైను తెగింది.

గోరింక ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అది కోడో, అనుమానమో, పరిహాసమో అతని చెవికి మొదటిసారి అంతుచిక్కలేదు.

"ఏమంటుంది?" అన్నాడు పెద్దాయన.

"దీర్ఘం తీసింది సార్," అన్నాడు గోరింక.